కాలేయం పెరిగిందని స్కానింగ్ రిపోర్టు చెప్పినప్పుడు: కారణం కనుక్కోవడం, నివారణ మొదలుపెట్టడం

వార్షిక ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో భాగంగానో, కడుపు నొప్పి కోసమో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించుకున్నవారి రిపోర్టుల్లో "కాలేయం పరిమాణం స్వల్పంగా పెరిగింది, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అన్న వాక్యం ఇప్పుడు సర్వసాధారణంగా కనిపిస్తోంది. దాన్ని చదివినవారిలో కొందరు "అందరికీ ఉండేదేగా" అని రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. మరికొందరు ఆ రోజే మందుల షాపుకు వెళ్లి లివర్ టానిక్ కొని, నెలల తరబడి తాగుతారు. రెండూ సరైన మార్గాలు కావు. కాలేయం పెరగడం జ్వరం లాంటిది. అదే ఒక జబ్బు కాదు, శరీరంలో నడుస్తున్న మరేదో జబ్బుకు గుర్తు. అందువల్ల ముందు కారణం తేలాలి, ఆ తర్వాతే దానికి తగిన నివారణ. కొవ్వు వల్ల పెరిగిన కాలేయానికి చేయవలసిన పని వేరు, చీముగడ్డ వల్ల పెరిగిన కాలేయానికి చేయవలసిన పని వేరు, గుండె బలహీనత వల్ల ఉబ్బిన కాలేయానికి చేయవలసిన పని మరీ వేరు.

రిపోర్టును ఎలా చదవాలి

కాలేయం కడుపు పైభాగంలో కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు కిలోన్నర దాకా ఉంటుంది. స్కానింగ్‌లో నిలువు కొలత సుమారు 15 నుంచి 16 సెంటీమీటర్లు దాటితే పెరిగినట్టు రాస్తారు. అయితే ఈ కొలత మనిషి ఎత్తును బట్టి, లింగాన్ని బట్టి, స్కాన్ చేసినవారు ప్రోబ్ పెట్టిన కోణాన్ని బట్టి కొంత మారుతుంది. ఆరడుగుల మనిషికి 16 సెంటీమీటర్లు పెద్ద విషయం కాకపోవచ్చు. కొందరికి పుట్టుకతోనే కుడి భాగం నాలుకలా కిందికి సాగి ఉంటుంది. దీర్ఘకాలం పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవారిలో కాలేయం పెరగకుండానే కిందికి నెట్టబడి, డాక్టరు చేతికి తగులుతుంది. కాబట్టి ఒక్క అంకెను చూసి కంగారు పడకుండా, ఆ అంకె పక్కన ఇంకేం రాశారో చదవాలి: స్కానింగ్ బొమ్మలో కాలేయం మెరుపు పెరిగిందా, ఉపరితలం నునుపుగా ఉందా లేక గరుకుగా ఉందా, గడ్డలు ఉన్నాయా, ప్లీహం కూడా పెరిగిందా, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర వెడల్పు ఎంత, పొట్టలో నీరు ఉందా. ప్లీహం కూడా పెరిగి ఉంటే వ్యవహారం కొవ్వు దగ్గర ఆగలేదని అనుమానించి, త్వరగా డాక్టరును కలవాలి.

గ్రేడ్ 1, 2, 3 అనే మాటల మీద జనంలో ఒక అపోహ ఉంది. ఆ గ్రేడు కొవ్వు ఎంత పేరుకుందో సుమారుగా చెబుతుంది తప్ప, కాలేయం ఎంత దెబ్బతిన్నదో చెప్పదు. గ్రేడ్ 1 ఉన్న మనిషిలో మచ్చలు గట్టిపడి ఉండవచ్చు, గ్రేడ్ 3 ఉన్న మనిషిలో అసలు మచ్చలే లేకపోవచ్చు. కాలేయ భవిష్యత్తును నిర్ణయించేది కొవ్వు మోతాదు కన్నా ఈ మచ్చ కట్టడమే, అంటే ఫైబ్రోసిస్. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: జబ్బు బాగా ముదిరి కాలేయమంతా మచ్చలతో గట్టిపడినప్పుడు, అంటే సిర్రోసిస్ అయినప్పుడు, కాలేయం తరచుగా కుంచించుకుపోతుంది. మద్యం మానకుండానే "పోయిన ఏడాది 18 సెంటీమీటర్లు ఉండేది, ఇప్పుడు 12కు వచ్చింది" అని సంతోషించేవారు ఆ తగ్గుదల ఎందుకు వచ్చిందో డాక్టరును అడిగి తీరాలి.

డాక్టరు దగ్గరకు ఏం తీసుకుని వెళ్లాలి

మొదటిసారి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు మూడు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. వాడుతున్న మందులన్నీ, అంటే ఆయుర్వేద చూర్ణాలు, జిమ్‌లో ఇచ్చిన పొడులు, నాటు పసర్లు సహా; తాగే మద్యం ఏది, ఎంత, వారానికి ఎన్ని రోజులు; గతంలో ఎక్కించుకున్న రక్తం, ఆపరేషన్లు, పచ్చబొట్లు, ఇంట్లో ఎవరికైనా కాలేయ జబ్బు లేదా కాలేయ క్యాన్సర్ ఉన్న చరిత్ర. మద్యం విషయంలో భార్య పక్కన ఉండగా సగం దాచేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. అవసరమైతే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడగడంలో తప్పేమీ లేదు.

సాధారణంగా చేసే పరీక్షలు కాలేయ పనితీరు పరీక్ష, పూర్తి రక్త పరీక్ష, పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, థైరాయిడ్, వాటితో పాటు హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి కోసం యాంటీ హెచ్‌సీవీ. చివరి రెండింటినీ చాలా ప్యాకేజీల్లో చేర్చరు, కాబట్టి అడిగి చేయించుకోవాలి. పనితీరు పరీక్షలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన కాలేయం బాగున్నట్టు కాదు. ఈ పరీక్షలో కనిపించే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనేవి కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో చాలామందికి ఏఎల్‌టీ మామూలుగానే ఉంటుంది. ఏఎస్‌టీ విలువ ఏఎల్‌టీకి రెట్టింపు దాటితే మద్యం వైపు అనుమానం మళ్లుతుంది.

ఇదే రక్త పరీక్షలతో, అదనపు ఖర్చు లేకుండా, మచ్చలున్న అవకాశాన్ని అంచనా వేసే లెక్క ఒకటి ఉంది. దాని పేరు ఫిబ్-4. వయసును ఏఎస్‌టీతో హెచ్చించి, వచ్చిన దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఏఎల్‌టీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలుంటే 250 అని తీసుకోవాలి. ఉదాహరణకు 50 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు అనుకుందాం. 50 ఇంటూ 40 అంటే 2000, 250 ఇంటూ 7 అంటే 1750, ఫలితం 1.14. ఇది 1.3 కన్నా తక్కువ కాబట్టి తీవ్రమైన మచ్చలుండే అవకాశం తక్కువ. అదే మనిషికి ప్లేట్‌లెట్లు 1.5 లక్షలే ఉంటే ఫలితం 1.9 అవుతుంది, అప్పుడు కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించడం అవసరం. 2.67 దాటితే కాలేయ నిపుణుణ్ని ఆలస్యం చేయకుండా కలవాలి. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క నమ్మదగినది కాదు, 65 దాటినవారికి 1.3 బదులు 2 ను గీతగా తీసుకోవాలి. టైప్ 2 మధుమేహం ఉన్నవారు కాలేయం పెరిగినా పెరగకపోయినా ఈ లెక్క వేయించుకోవడం మేలు.

కొవ్వు: మన ఇళ్లలో అతి పెద్ద కారణం

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం వల్ల కాకుండా వచ్చే రకాన్ని 2023 నుంచి జీవక్రియ లోపాలతో ముడిపడిన జబ్బుగా పేరు మార్చి పిలుస్తున్నారు, ఎందుకంటే దాని మూలం నూనె తినడం ఒక్కటే కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, పొట్ట చుట్టూ కొవ్వు, మధుమేహం, రక్తపోటు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఒకదానికొకటి తోడై దీన్ని పెంచుతాయి. భారత ప్రభుత్వం 2021లో ఈ జబ్బును మధుమేహం, గుండె జబ్బులు, క్యాన్సర్ వంటి వాటి నియంత్రణ కోసం నడుపుతున్న జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

సన్నగా ఉన్నాను కాబట్టి నాకు రాదని అనుకోవడం మన ప్రాంతంలో ప్రమాదకరం. దక్షిణాసియా వారిలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీర నిర్మాణం సాధారణం. అందుకే మనకు బరువు సూచిక, అంటే బీఎంఐ, 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. అంతకన్నా సులువైన కొలత టేపుతో తీసుకునే నడుము చుట్టుకొలత: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. టేపును ప్యాంటు కట్టుకునే చోట కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలిన తర్వాత పెట్టాలి. బొజ్జ కిందుగా బెల్టు పెట్టుకుని "నాది ఇప్పటికీ 34 సైజే" అని చెప్పుకునే మగవారు ఈ కొలతను నిజాయితీగా తీసుకోవాలి.

తగ్గించవలసినది ఎంతో స్పష్టంగా తెలుసు. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో వాపు శమిస్తుంది. 10 శాతం దాటితే మచ్చలు కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. 80 కిలోల మనిషికి ఇది వరుసగా 4 కిలోలు, 6 నుంచి 8 కిలోలు, 8 కిలోల పైన. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలు, అంతకు మించకూడదు. రెండు వారాలు నీళ్లు, నిమ్మరసంతో కడుపు మాడ్చుకుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, కాలేయ వాపు పెరగనూ వచ్చు. సన్నగా ఉండి ఫ్యాటీ లివర్ ఉన్నవారికి 3 నుంచి 5 శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది.

తిండి విషయానికి వస్తే, మన భోజనంలో మొదట చేతికి చిక్కవలసినది నూనె కాదు, అన్నం కొండ. కంచంలో అన్నం ముందు పెట్టుకుని దాని చుట్టూ కూరలు సర్దుకునే పద్ధతిని తిరగేయాలి: కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా కోడి మాంసం, మిగిలిన పావు వంతులో మాత్రమే అన్నం. తోటకూర పప్పు, బీరకాయ కూర, చిక్కుడుకాయ వేపుడు ఇష్టంగా తినే ఇంట్లో ఇది కష్టం కాదు. కష్టమల్లా ఆవకాయతో ఒక ముద్ద, గోంగూర పచ్చడితో ఒక ముద్ద, పప్పుతో నాలుగు ముద్దలు, చారుతో ఇంకొన్ని, చివర పెరుగన్నం అన్న వరుసలో అన్నం ఐదుసార్లు వడ్డించుకోవడాన్ని తగ్గించడమే. అన్నం మానేసి రాగి సంగటి, జొన్న రొట్టెలకు మారడం మంచిదే, వాటిలో పీచు ఎక్కువ. కానీ అవి కూడా పిండి పదార్థాలే కాబట్టి రాగి సంగటి ముద్ద తలకాయంత ఉంటే ఫలితం ఉండదు. ఉదయం నాలుగు ఇడ్లీలకు బదులు రెండు ఇడ్లీలూ, గిన్నెడు సాంబారూ, ఒక గుడ్డూ తినవచ్చు. పెసరట్టు ఉప్మా లేకుండా మంచి ఫలహారం.

కాలేయానికి చక్కెర చేసే చెరుపు నూనె కన్నా తక్కువేమీ కాదు, ముఖ్యంగా ద్రవరూపంలో లోపలికి పోయే చక్కెర. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పళ్ల రసాలు, చెరకు రసం, బాదం పాలలోని ఫ్రక్టోజును కాలేయం నేరుగా కొవ్వుగా మారుస్తుంది. పంచదార రెండు చెంచాలు వేసిన టీ రోజుకు నాలుగుసార్లు తాగితే అక్కడికే 40 గ్రాములు అవుతుంది. రోజంతటికీ కలిపిన చక్కెర 25 గ్రాముల దగ్గర ఆపడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పండును పండుగా తింటే పీచు వల్ల ఇంత ఇబ్బంది ఉండదు. చక్కెర లేని కాఫీ రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయ మచ్చలు తక్కువగా కనిపిస్తాయని చాలా పరిశీలనల్లో తేలింది, కాబట్టి ఫిల్టర్ కాఫీ ప్రియులు పంచదారను వదులుకుంటే చాలు, కాఫీని వదులుకోనక్కరలేదు.

వ్యాయామం బరువు తగ్గకపోయినా కాలేయ కొవ్వును కొంత తగ్గిస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవాలి. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పే కసరత్తులు, అంటే గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటివి జోడించాలి. సాయంత్రం పార్కులో కబుర్లు చెప్పుకుంటూ నెమ్మదిగా నడిచే నడక మనసుకు మంచిదే గాని ఈ లెక్కలోకి రాదు.

ఇక మందుల మాట. విటమిన్ ఇ వంటివి కొందరు రోగులకు, పరీక్షల ఆధారంగా డాక్టరు ఎంచి ఇచ్చేవి; సొంతంగా వాడవలసినవి కావు. లివర్ టానిక్‌లు కాలేయంలో కొవ్వును కరిగిస్తాయని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదు. దీనికి తోడు ఒక హానికరమైన అలవాటు వ్యాపించింది: ఫ్యాటీ లివర్ అనగానే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలను రోగులే మానేస్తున్నారు. ఫ్యాటీ లివర్ ఉన్నవారు స్టాటిన్లు నిరభ్యంతరంగా వాడవచ్చు. పైగా వీరి ప్రాణానికి కాలేయం కన్నా గుండెపోటు వల్లే ఎక్కువ ముప్పు.

మద్యం

ఇక్కడ లెక్క తెలియకపోవడమే సగం సమస్య. 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాములు ఉంటుంది. అంటే "నేను బీరే తాగుతాను" అనే మనిషి ఒక సీసాతో నాలుగు చిన్న పెగ్గులు తాగినట్టు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదు. ఇప్పటికే కాలేయం పెరిగినవారికి, హెపటైటిస్ ఉన్నవారికి, మధుమేహం ఉన్నవారికి ఆ మాట మరింత వర్తిస్తుంది.

ఇందులో ఆశ కలిగించే విషయం కూడా ఉంది. మద్యం వల్ల వచ్చిన కొవ్వు, మచ్చలు ఇంకా కట్టని దశలో, పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవారు ఒక్కసారిగా ఇంట్లోనే మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పడం వంటి ప్రమాదాలు ఉంటాయి. వారు ఆసుపత్రి సాయంతోనే మానాలి. మాలధారణ సమయంలో నలభై రోజులు మానగలిగినవారు కాలేయానికి ఆ గడువు ఎంత విలువైనదో గ్రహించి, మాల తీసిన రోజే మళ్లీ సీసా తెరవకుండా ఉండగలిగితే సగం చికిత్స అయినట్టే. మానడానికి సాయం కావలసినవారు జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు.

హెపటైటిస్ వైరస్‌లు

ఎ, ఇ రకాలు కలుషితమైన నీటి ద్వారా వస్తాయి. వానాకాలంలో మంచినీటి పైపులు మురుగు కాలువల పక్కన లీకైనప్పుడు ఒకే వీధిలో పదిమందికి కామెర్లు రావడం ఇందుకే. ఆ రోజుల్లో నీటిని బాగా మరిగించి తాగడం, బయటి ఐసు, పానీపూరీ నీళ్లకు దూరంగా ఉండడం ఇంటిల్లిపాదికీ అవసరం. గర్భిణుల విషయంలో మాత్రం ఇది జాగ్రత్త అనే స్థాయిని దాటుతుంది: హెపటైటిస్ ఇ చివరి మూడు నెలల్లో సోకితే ప్రాణాంతకం కావచ్చు. గర్భిణికి కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు పసుపుగా మారితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బి, సి రకాలు రక్తం ద్వారా, బి లైంగికంగానూ, ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకూ సోకుతాయి. కలిసి తినడం, ఒకే మంచం మీద పడుకోవడం, కౌగిలించుకోవడం వల్ల రావు. కాబట్టి హెపటైటిస్ బి ఉన్న కోడలికి కంచం వేరు పెట్టే ఇళ్లలో జరిగేది అన్యాయమే గాని నివారణ కాదు. నివారణ అంటే ఇంట్లోవారంతా పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవడం. రేజర్లు, బ్రష్‌లు, గోళ్లు తీసే బ్లేడ్లు పంచుకోకూడదు. క్షౌరశాలలో కొత్త బ్లేడు వేయించుకోవాలి. జాతరలో ఒకే సూదితో పదిమందికి వేసే పచ్చబొట్టుకు పోకూడదు. చిన్న జ్వరానికీ ఇంజెక్షన్ కావాలని పట్టుబట్టకూడదు, వేయించుకోక తప్పనప్పుడు సిరంజి ప్యాకెట్ తమ కళ్ల ముందే చింపారో లేదో చూసుకోవాలి.

హెపటైటిస్ బి టీకా నవజాత శిశువుకు పుట్టిన 24 గంటల్లోపు, తర్వాత 6, 10, 14 వారాలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. తల్లికి హెపటైటిస్ బి ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాలు) కూడా వీలైనంత త్వరగా, 12 గంటల్లోపు ఇవ్వాలి. దీన్ని ప్రసవానికి ముందే సిద్ధం చేయించుకోవాలి. చిన్నప్పుడు వేయించుకోని పెద్దలకు మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఒకప్పుడు దిగుమతి చేసుకునే ఈ టీకా మధ్యతరగతికి అందని ధరలో ఉండేది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. హెపటైటిస్ సికి టీకా లేదు, కానీ సాధారణంగా 12 వారాల పాటు మాత్రలు వేసుకుంటే వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటి పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

కల్లు, గొర్రెలు, బూజు పట్టిన పల్లీలు

చలితో కూడిన జ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి, దగ్గినా లోతుగా ఊపిరి పీల్చినా ఎక్కువయ్యే బాధ, ఒక్కోసారి కుడి భుజం దాకా పాకే నొప్పి ఉంటే కాలేయంలో చీముగడ్డను అనుమానించాలి. దీనికి ప్రధాన కారణం అమీబా. ఇది నడివయసు మగవారిలో, అందులోనూ కల్లు తాగేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. కుండల అపరిశుభ్రత, కల్లులో కలిపే నీళ్లు, మద్యం వల్ల అప్పటికే బలహీనపడ్డ కాలేయం కలిసి ఈ పరిస్థితి తెస్తాయి. మందులతో చక్కగా తగ్గే జబ్బు ఇది, గడ్డ పెద్దదైతే సూదితో చీము తీస్తారు. గ్యాస్ నొప్పి అనుకుని రెండు వారాలు మాత్రలు మింగితే గడ్డ పగిలి ప్రాణం మీదికి రావచ్చు.

గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న రాయలసీమ ప్రాంతంలో హైడాటిడ్ అనే నీటితిత్తుల జబ్బు కొత్త కాదు. గొర్రె కార్జంలో ఉన్న తిత్తులను కుక్క తింటుంది, దాని పేగుల్లో పురుగు పెరుగుతుంది, మలంతో గుడ్లు బయటికి వస్తాయి, ఆ గుడ్లు మనిషి చేతుల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా లోపలికి చేరతాయి. మాంసం తినడం వల్ల మనిషికి ఈ జబ్బు రాదు. కాబట్టి గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులను కుక్కలకు వేయకుండా లోతుగా పాతిపెట్టడం, మంద కాసే కుక్కలకు పశువైద్యుని సలహాతో పురుగుల మందు వేయించడం, కుక్కను తాకాక చేతులు కడుక్కోవడం అసలైన నివారణ.

మలేరియా, టైఫాయిడ్, డెంగీ జ్వరాల్లో కూడా కాలేయం కొంత పెరుగుతుంది, జ్వరం తగ్గాక చాలావరకు సర్దుకుంటుంది. దీనికి భిన్నంగా నిశ్శబ్దంగా పనిచేసేది బూజు. వేరుశెనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి తడి ఆరకుండా నిల్వ చేస్తే పెరిగే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, హెపటైటిస్ బి కూడా ఉంటే ఆ ముప్పు అనేక రెట్లు అవుతుంది. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదు. నల్లబడిన, ముడుతలు పడిన, చేదుగా తగిలే పల్లీలను పచ్చడిలో కలిపేయకుండా ఏరి పారేయాలి.

మందులు, పసర్లు

పారాసిటమాల్ సరైన మోతాదులో మంచి మందు. పెద్దలు రోజుకు 4 గ్రాములు దాటకూడదు; మద్యం అలవాటున్నవారు, కాలేయ జబ్బున్నవారు డాక్టరును అడిగి సాధారణంగా 2 గ్రాముల లోపే వాడాలి. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకునేటప్పుడు లెక్క చూసుకోవాలి. క్షయ మందులు వాడుతుండగా వాంతులు, ఆకలి పోవడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే వెంటనే చికిత్స ఇచ్చిన కేంద్రానికి చెప్పాలి. వారిని అడగకుండా సొంతంగా ఆపేయకూడదు, వారికి చెప్పకుండా మింగుతూ పోనూ కూడదు.

కామెర్లకు ఊళ్లో పసరు పోయించుకోవడం, మణికట్టు మీద వాతలు పెట్టించుకోవడం ఇంకా సాగుతూనే ఉంది. హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. అదే కామెర్లు పిత్తనాళంలో రాయి వల్లో, క్యాన్సర్ వల్లో వచ్చి ఉంటే పసరు కోసం తిరిగిన నెల రోజుల్లో ఆపరేషన్ చేసే అవకాశమే చేజారిపోవచ్చు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం విపరీతంగా తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశపు వైద్యులే నమోదు చేశారు. మూలిక అన్నంత మాత్రాన నిరపాయం కాదు, ముఖ్యంగా దాన్ని రోజూ నెలల పాటు తాగుతున్నప్పుడు.

గుండె, రక్తం, పిల్లలు

గుండె కుడివైపు బలహీనపడితే రక్తం వెనక్కి నిలిచి కాలేయం ఉబ్బుతుంది. కాళ్ల వాపు, ఆయాసం, మెడ నరాలు ఉబ్బడం తోడుగా ఉంటే కాలేయ డాక్టరు కన్నా ముందు గుండె పరీక్ష అవసరం. తలసీమియా, సికిల్ సెల్, రక్త క్యాన్సర్లలో కాలేయంతో పాటు ప్లీహం కూడా పెరుగుతుంది; కడుపులో బల్ల పెరిగిందని ఊళ్లో చెప్పుకునే వాటిలో ఇవీ ఉంటాయి.

చిన్నపిల్లల్లో పక్కటెముకల కింద ఒకటి రెండు సెంటీమీటర్లు కాలేయం చేతికి తగలడం మామూలే. అంతకు మించితే, పిల్లవాడు ఎదగకపోతే, మలం తెల్లగా వస్తే పిల్లల వైద్యుణ్ని కలవాలి. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో జీవక్రియ లోపాల వల్ల కాలేయం పెరిగే అరుదైన జబ్బులు ఎక్కువగా బయటపడతాయి. మొదటి బిడ్డకు అలాంటిది తేలితే రెండో గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోవాలి. ఒకప్పుడు మన దేశంలో ఎందరో పసిబిడ్డల ప్రాణాలు తీసిన శిశు సిర్రోసిస్‌కు, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలకు సంబంధం ఉందని పరిశోధకులు గుర్తించారు. ఆ పాత్రలు వంటింటి నుంచి తప్పుకున్నాక ఆ జబ్బూ దాదాపు కనుమరుగైంది. రాగి చెంబుల మోజు మళ్లీ వస్తున్న ఈ రోజుల్లో పసిపిల్లల పాలను మాత్రం వాటిలో పోయకుండా ఉంటే మంచిది.

ఎప్పుడు ఆగకూడదు, ఎప్పుడు మళ్లీ చూపించుకోవాలి

రక్తపు వాంతులు, తారులా నల్లటి మలం, కామెర్లతో పాటు మగత లేదా పొంతన లేని మాటలు, వేగంగా పెరుగుతున్న పొట్ట, చలిజ్వరంతో కుడివైపు తీవ్రమైన నొప్పి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా, రాత్రయినా సరే, 24 గంటలూ పనిచేసే అత్యవసర విభాగానికి వెళ్లాలి. కారణం తెలియకుండా బరువు తగ్గుతూ, కాలేయం గట్టిగా, గడ్డగడ్డగా తగులుతుంటే వారం లోపు చూపించుకోవాలి.

అలాంటివేవీ లేకుండా కొవ్వు వల్ల కాలేయం పెరిగినవారు నెలనెలా స్కానింగ్ చేయించుకోవడం డబ్బు వృథా. బరువు వారానికోసారి, నడుము కొలత నెలకోసారి ఒక పుస్తకంలో రాసుకుని, మూడు నుంచి ఆరు నెలలకు రక్త పరీక్షలు చేయించుకుంటే చాలు. ఫిబ్-4 తక్కువగా ఉన్నవారు ఆ లెక్కను రెండు మూడేళ్లకోసారి, మధుమేహం ఉంటే ఏటా మళ్లీ వేయించుకోవాలి. హెపటైటిస్ బి ఉన్నవారు ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకోసారి డాక్టరుకు కనిపించాలి. ఏ కారణం వల్లనైనా సిర్రోసిస్ వచ్చినవారు, మద్యం మానేసినా, హెపటైటిస్ సి నయమైపోయినా, కాలేయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడానికి ప్రతి ఆరు నెలలకు అల్ట్రాసౌండ్, దానితో పాటు డాక్టరు చెబితే ఆల్ఫా ఫీటోప్రోటీన్ రక్త పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.